నందిగామలో ఆగని బండి

జగ్గయ్యపేట,
నవంబరు 5.

ఒరే జయరాజూ,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అంటావు, నేను అరుస్తా, మా వీధంతా వింటుంది, నీకు మాత్రం వినపడదు. వాట్సాప్ పెట్టుకోమంటే కళ్ళు పోతాయంటావు. ఇప్పుడు చెప్పబోయేది వీధికి వినపడకూడని సంగతి. అందుకని పోస్టాఫీసుకెళ్ళి కవర్లు కొనుక్కొచ్చా. కౌంటర్లో అమ్మాయి "ఎక్కడికండీ?" అంది. నందిగామకి అంటే నా వంక జాలిగా చూసింది. బస్సెక్కితే గంటలో వెళ్ళి చెప్పి రావచ్చు కదా అని ఆవిడ ఉద్దేశం కాబోలు.

సంగతేంటంటే, నేనొక పెద్ద బండి కొన్నా. ఏడుగురు కూర్చునేది. సెకండ్ హ్యాండే అనుకో, విజయవాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర. నల్లగా, ఎత్తుగా ఉంటుంది. ముందు ఇనప గార్డు, పైన కారియరు. ఎక్కాలంటే గేదె మీదికి ఎక్కినట్టు కాలెత్తాలి. ఇంట్లో ముందు చెప్పలా. చెబితే కొననివ్వదని తెలుసు. ఇంటి ముందు ఆపి హారన్ కొడితే భారతి బయటికొచ్చి, "ఎవరిదండీ ఈ లారీ? మన గేటుకి అడ్డంగా పెట్టారు, తియ్యమనండి" అంది.

బండి మంచిదే. తాగుడే ఎక్కువ. లీటరుకి ఎనిమిది కూడా ఇవ్వట్లా. వత్సవాయి పొలానికి వెళ్ళొచ్చేసరికి ముల్లు కిందికి దిగిపోతోంది. బంకులో వాళ్ళు నన్ను చూడగానే కుర్చీ వేసి మంచినీళ్ళిస్తున్నారు. వాళ్ళకి ఈమధ్య అంత మర్యాద ఎవరి మీదా పుట్టలేదట.

భారతి ఒకటే మాట అంది. "ఉగాది లోపు పన్నెండు ఇస్తే ఉంచుకోండి. లేదంటే అమ్మేసి రెండు పాడిగేదెలు తెండి. తాగినదానికి అవైనా ఏదో ఒకటి ఇస్తాయి." ఆవిడ మాటకి తిరుగు లేదని నీకు తెలుసు.

నువ్వు ఉద్యోగమంతా ఫిజిక్సు చెప్పావు. నేను ఇంటర్లో నీ పేపరు చూసి రాసి ఫిజిక్సు గట్టెక్కా. ఇప్పుడూ అదే పరిస్థితి. ఏం చేస్తే మైలేజీ పెరుగుతుందో వివరంగా రాయి. సూసన్ చెల్లెమ్మకి ఒంట్లో బాలేదని ఎవరో అన్నారు. ఎలా ఉంది?

నీ
భవానీప్రసాద్


నందిగామ,
నవంబరు 12.

ప్రియమైన ప్రసాదుకు,

నీ ఉత్తరం ఇస్తూ పోస్ట్‌మ్యాన్, "కోర్టు కాగితం కాదుగా మాస్టారూ?" అన్నాడు. మాకు వేరే కవర్లు రావటం మానేసి చాలా కాలమైంది. నీ చేతిరాత మాత్రం మారలేదు. కోడి కెలికినట్టే ఉంది, ఎగ్జామినరుని తలుచుకుని మళ్ళీ జాలిపడ్డాను.

చెవికి మిషను పెట్టించుకున్నాను. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు బ్రహ్మాండంగా వినిపిస్తోంది, మనుషుల మాట మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇంట్లో ఏదైనా పని చెబితే వినపడలేదనే సౌకర్యం పోయింది, అంతే లాభం.

ఇక పాఠం. నీ బండి మూడింటితో పోట్లాడుతోంది. దాని సొంత బరువు, ఎదురుగాలి, నీ కుడికాలు. అవసరం లేని బరువు తీసేయి. పైనున్న కారియరు గాలిని పట్టుకుని బండిని వెనక్కి లాగుతుంది, అదీ తీసేయి. టైర్లలో గాలి చూసుకో. వీటన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన డీజిలంతా వేడై గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ కదలాలంటే మళ్ళీ కాల్చాలి. కాబట్టి దూరం నుంచే దారి చూసుకుని, నిలపకుండా, ఒకే ఊపులో పోవటం నేర్చుకో. వెనక బెంచీ వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పాననుకుంటాను.

సూసన్ సంగతి అడిగావు. రెండు కిడ్నీలూ మూలపడ్డాయి. వేసవి నుంచి డయాలసిస్ జరుగుతోంది. దగ్గర్లో ఖాళీ దొరక్క విజయవాడలో చేయిస్తున్నాం, మంగళవారం, శుక్రవారం. తెల్లవారుతుండగా బైపాస్ మీద నిలబడి బస్సు ఎక్కుతాం. వెళ్ళేటప్పుడు ఫరవాలేదు. వచ్చేటప్పుడే ఆవిడలో ప్రాణం ఉండదు. కొన్నాళ్ళు ట్యాక్సీ మాట్లాడాను, పెన్షను ఒప్పుకోలేదు. "ఆ సూదులు ఎలాగో ఓర్చుకుంటాను గానీ ఈ బస్సు నావల్ల కాదండీ, ఇక నేను రాను" అంటోంది ఈమధ్య. మానేస్తే ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

నువ్వు విజయవాడ వైపు వెళ్ళే రోజులు ఏవైనా ఉంటే రాయి. ఊరికే, తెలుసుకుందామని.

నీ
జయరాజ్


జగ్గయ్యపేట,
నవంబరు 27.

ఒరే జయరాజూ,

చెల్లెమ్మ సంగతి చదివి మనసు చివుక్కుమంది. భారతికి చెబితే తనూ బాధపడింది. ఆదివారం ముక్త్యాల గుళ్ళో మీ ఇద్దరి పేర్లతో అర్చన చేయించింది. గోత్రం అడిగితే ఏం చెప్పాలో తెలీక మాదే చెప్పిందట. కాబట్టి ఇప్పుడు మీరు మా గోత్రం వాళ్ళు. ధైర్యంగా ఉండు.

ఇక బండి సంగతి. నువ్వు చెప్పినవన్నీ చేసా, చెప్పనివి కూడా చేసా. కారియరు పీకించా. ఇనప గార్డు పీకించా. మా మెకానిక్ ఫ్రాన్సిస్, "ఇంకేమన్నా మిగిలాయాండీ, తలుపులు కూడా ఊడదీయమంటారా?" అన్నాడు. వాడు వెటకారంగా అన్నాడు గానీ నేను కాసేపు ఆలోచించా. తలుపులు వద్దులే అని వెనక రెండు వరసల సీట్లూ తీయించా. అవి ఇప్పుడు మా వరండాలో ఉన్నాయి. మా అత్తగారు బసవమ్మగారు వాటి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతూ, "అల్లుడుగారు ఇన్నాళ్ళకి మంచి వస్తువు కొన్నాడే" అని వీధిలో అందరికీ చెబుతోంది. ఆవిడ నన్ను మెచ్చుకోవటం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

డీజిలు పైపుకి తగిలించే అయస్కాంతం ఒకటి ఆన్‌లైన్లో తెప్పించా. తగిలించాక బండి కొంచెం తేలికగా పోతున్నట్టు అనిపిస్తోంది. స్టెప్నీ టైరు కూడా బరువే కదా అని ఇంట్లో పడేసి వెళ్ళా. సరిగ్గా ఆరోజే గరికపాడు దగ్గర పంక్చరు. ధాబా ఆయన బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, "ఏందన్నా, గింత పెద్ద బండి పెట్టుకొని స్టెప్నీ లేకుండ తిరుగుతున్నవా?" అన్నాడు. మైలేజీ కోసమన్నా. ఆయన లోపలికెళ్ళి ఇంకో నలుగురు లారీ డ్రైవర్లని వెంటబెట్టుకొచ్చి నన్ను చూపించాడు.

వారానికి రెండు మూడుసార్లు గరికపాడు నుంచి కీసర దాకా టెస్టు చేస్తున్నా. ఒక్కోసారి విజయవాడ కూడా పోయొస్తున్నా. ఒక్కడ్నే. మనిషి ఎక్కితే లెక్క చెడుతుంది. మొన్న విజయవాడలో పెళ్ళికి భారతి బయల్దేరితే ఆవిణ్ణి బస్సెక్కించి నేను వెనకాల ఖాళీ బండిలో వెళ్ళా. నవ్వకు. ఆవిడ బరువు ఒక ఎత్తు, నగలు ఇంకో ఎత్తు. ఇప్పటికి తొమ్మిదిన్నర వస్తోంది.

నీ
భవానీప్రసాద్


నందిగామ,
డిసెంబరు 4.

ప్రసాదుకు,

డీజిల్లో ఇనుము ఉండదు. అయస్కాంతం దాన్ని ఏమీ చేయదు. తీసి ఫ్రిజ్‌కి పెట్టుకో.

అర్చన చేయించినందుకు భారతమ్మకి సూసన్ వందనాలు చెప్పమంది. మా సంఘంలోనూ ప్రార్థన చేస్తున్నారు. అందరి ప్రార్థనలూ అందుతున్నాయి, బస్సులో సీటే అందటం లేదు. మొన్న శుక్రవారం తిరిగొచ్చేటప్పుడు నిలబడలేక బస్సులో నడిచే దారిలోనే కూలబడింది. కండక్టరు మంచివాడు, ఒకాయన్ని లేపి కూర్చోబెట్టాడు. ఆయన లేస్తూ ఏదో గొణిగాడు. దేవుడు నాకు ఎప్పుడు ఏం వినిపించాలో బాగా చూసి వినిపిస్తాడు, ఆ మాట ఒక్కటీ స్పష్టంగా వినపడింది.

నీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. బసవమ్మగారి దగ్గర బాగా నవ్వింది. చివరికొచ్చేసరికి, "అన్నయ్యగారికి మన సంగతులేవీ రాయకండి, పాపం లెక్క చెడుతుంది" అంది. నేనూ నవ్వాను.

బండి సంగతులు రాస్తూ ఉండు.

జయరాజ్


జగ్గయ్యపేట,
డిసెంబరు 17.

ఒరే జయరాజూ,

పన్నెండు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువు. పన్నెండు వచ్చింది.

దీనికి ముందు ఒక అవమానం జరిగింది, అదీ చెబుతా. బండి అడుగుభాగం నున్నగా ఉంటే గాలి జారిపోతుందని ఎక్కడో చూసా. మనింట్లో ధాన్యం మీద కప్పే బరకం ఉంది కదా, దాన్ని కోసి బండి కింద లాగి కట్టా. ఒక ముక్క ముందు జాలీకి కూడా కట్టా. చిల్లకల్లు చేరేసరికి ఇంజనుకి ఊపిరాడక పొగ. కింద కట్టింది ఒకవైపు ఊడి, డప్పు కొట్టినట్టు కొట్టుకుంటూ వస్తోంది. వెనక లారీవాడు పక్కకొచ్చి, "గురూ, నీ పంచె ఊడింది" అన్నాడు. జాలీది పీకేసా. కిందది సగం అలాగే వేలాడుతోంది, పోనీలే అని ఉంచా.

ఇక నిన్నటి సంగతి. నిన్న తెల్లారి బయల్దేరా. నువ్వు చెప్పిన పాఠం అక్షరాలా పాటించా. ఏసీ లేదు, అద్దాలు ఎత్తేసా, చొక్కా తడిసి ముద్దయింది. గరికపాడు నుంచి కీసర దాకా ఒక్కసారి కూడా బ్రేకు మీద కాలు పెట్టలా. గేదెలు అడ్డమొస్తే అవే తప్పుకున్నాయి. నందిగామ బైపాస్ దగ్గర ఎవరో ఇద్దరు చేతులూపారు, లిఫ్టు కోసం కాబోలు. ఊపు పోతుందని అటు చూడలా. కీసరలో ఆపి చూస్తే పన్నెండు.

ఇంటికొచ్చి భారతికి చూపించా. లోపలికెళ్ళి టీ తెచ్చింది. గెలిచా రా. అంతా నీ చలవే.

నీ
భవానీప్రసాద్


నందిగామ,
డిసెంబరు 20.

భవానీప్రసాద్‌కు,

అభినందనలు.

మంగళవారం బైపాస్ మీద చేతులూపింది మేమే. ఎక్కాల్సిన బస్సు ఆరోజు రాలేదు. అరగంట నిలబడ్డాక సూసన్ నా సంచీ మీద కూర్చుంది. అప్పుడు నీ బండి కనపడింది. కారియరు లేదు, గార్డు లేదు, కింద ఏదో గుడ్డ వేలాడుతోంది. ఇంత దరిద్రంగా ఉన్న పెద్ద బండి ఈ రోడ్డు మీద ఇంకొకటి ఉండదని వెంటనే గుర్తుపట్టాను. "లే, ప్రసాదు వచ్చాడు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచి నిలబడి, కొంగు సర్దుకుంది. తనే ముందు చెయ్యి ఊపింది.

నీ తప్పేం లేదు. నిలపకుండా పొమ్మని పాఠం చెప్పింది నేనే. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఎవరూ ఇంత శ్రద్ధగా నేర్చుకోలేదు.

ఆరోజు తర్వాతి బస్సుకి వెళ్ళొచ్చాం. నిన్న శుక్రవారం ఆవిడ గుమ్మం దాటలేదు. ఎంత బతిమాలినా కదల్లేదు. పాదాలు వాచాయి. మళ్ళీ మంగళవారం కూడా ఇలాగే అంటే ఏం చేయాలో నాకు తెలియటం లేదు.

ఇక ఉత్తరాలు వద్దులే. నీకు కవర్లు దండగ.

జయరాజ్


జగ్గయ్యపేట,
డిసెంబరు 22, సోమవారం.

జయరాజూ,

మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది. చదివి అలాగే బండెక్కి నందిగామ వచ్చా. మీ వీధి మలుపు దాకా వచ్చా. నువ్వు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నావు. దిగి రావటానికి మొహం చెల్లలా. తిప్పుకుని వచ్చేసా. ఎదుట నిలబడలేని వెధవలకి ఉత్తరాలు బాగా పనికొస్తాయి.

అటు చూడలా అని రాసా కదా. చూసా. శాలువా కప్పుకున్న ఆవిడ, పక్కన పొడుగ్గా ఒకాయన. నీలాగే ఉన్నాడనిపించింది. మీటరు వంక చూసా. పన్నెండు దగ్గర ఊగుతోంది. వాడై ఉండడులే అనుకున్నా. మంగళవారమని నువ్వు రాసింది గుర్తు రాలేదని అబద్ధం ఆడను. వచ్చింది. అది గుర్తొచ్చేసరికి కంచికచర్ల దాటా. అక్కడన్నా తిప్పి ఉండొచ్చు. తిప్పలా. కీసర ఇంకెంతో దూరం లేదు, అదయ్యాక చూద్దామనుకున్నా. పన్నెండు రాగానే ఆ సంతోషంలో మిమ్మల్ని మరిచేపోయా.

భారతికి నీ ఉత్తరం ఇచ్చా. చదివి, "గేదెలు కూడా తోటి గేదె పడిపోతే ఆగుతాయండీ" అంది. అన్నం పెట్టలేదు. పెట్టినా తినేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఫ్రాన్సిస్ సీట్లు బిగిస్తున్నాడు. మా అత్తగారు ఒకదాని మీంచి లేవనని పట్టుబడితే ఆవిణ్ణి కుర్చీలోకి మార్చి మరీ తీసుకొచ్చాం. రేపు మంగళవారం. తెల్లారేసరికి మీ ఇంటి ముందు ఉంటా. రేపే కాదు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. నామీద కోపం ఉంచుకో, తిట్టు, మాట్లాడకు. చెల్లెమ్మని మాత్రం బండెక్కించు.

ఇది పోస్టులో వేస్తే రేపటికి అందదు. బస్సు డ్రైవరు దశరథరామయ్య మనవాడే, అతని చేతికి ఇస్తున్నా. తిరుగు ట్రిప్పులో జవాబు తీసుకొస్తానన్నాడు.

భవానీప్రసాద్


నందిగామ,
సోమవారం సాయంత్రం.

అన్నయ్యగారికి,

మీ స్నేహితుడు లోపల గదిలో కూర్చుని, మీరు రానక్కర్లేదని మర్యాదగా ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నారు. ఆయన మర్యాద తయారయ్యేలోపు డ్రైవరుగారు వెళ్ళిపోతారు. అందుకని నేనే రాస్తున్నాను.

రండి. నేను మానేస్తానన్నది బస్సుని. బతకటం మానేస్తానని ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు ఈయనతో విడిగా ఏం చెప్పారో కూడా నాకు తెలుసు. చెవుడు ఉన్నాయనతో రహస్యం చెప్పాలంటే ఆ డాక్టరుగారు ఎంత గట్టిగా చెప్పి ఉంటారో మీరే ఊహించుకోండి. వార్డంతా విన్నాం.

ఆ మంగళవారం నాకు కోపం రాలేదని చెప్పను. చాలా వచ్చింది. చెయ్యి ఊపినందుకు సిగ్గు కూడా వేసింది. రేపు ఎక్కగానే ఒకసారి తిడతాను, పడండి. ఆ తర్వాత దాని గురించి ముగ్గురిలో ఎవరూ ఎత్తకూడదు, ఎవరూ ఏడవకూడదు. నాకు చలి, ఏసీ వేయకండి. అది మీకూ కలిసొస్తుంది. నేనెంత బరువో అడగకండి. ఆసుపత్రిలో సూదులకి ముందొకసారి, తర్వాతొకసారి తూస్తూనే ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నాతో మాట్లాడకండి. నాకు నిద్ర కావాలి.

మీ చెల్లెలు
సూసన్


నందిగామ,
ఫిబ్రవరి 18.

ప్రియమైన ప్రసాదుకు,

వారానికి రెండుసార్లు మొహాలు చూసుకుంటూ ఉత్తరమేమిటి అంటావేమో. బండిలో మాట్లాడకూడదని ఆర్డరు కదా. పైగా నీ డ్రైవింగు చప్పుడులో నా మిషనుకి ఇంజను తప్ప ఇంకేం వినపడదు.

సూసన్ పాదాల వాపు తగ్గింది. నిన్నటికి రెండు నెలలు, ఒక్కసారి కూడా తప్పలేదు. "శుక్రవారం ఎప్పుడండీ?" అని తనే అడుగుతోంది. భారతమ్మ తోడు వస్తున్నప్పటి నుంచి వెళ్ళేటప్పుడు వాళ్ళిద్దరి నవ్వులే. మనిద్దరి మీదేనని నా అనుమానం, వినపడకపోవటం మంచిదే అయింది. బండి ఇప్పుడు తొమ్మిది కూడా ఇవ్వటం లేదని, అయినా ఉగాది మాట ఎత్తనని భారతమ్మే సూసన్‌తో అందట.

ఒక సంగతి మాత్రం తేలటం లేదు. నిన్న భారతమ్మ రాలేదు, మనం ముగ్గురమే. ఆసుపత్రి నుంచి మూడింటికే బయల్దేరాం. కీసర దాటటం నాకు గుర్తుంది, ఆ తర్వాత కునుకు పట్టింది. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. కంచికచర్ల దగ్గర లారీ బోల్తా పడి ట్రాఫిక్ ఆగిందని చెప్పావు. పొద్దున పేపరంతా వెతికాను, ఆ ఊసే లేదు. పాలవాడు నిన్న సాయంత్రం కంచికచర్ల నుంచే వచ్చాడట, రోడ్డు ఖాళీగా ఉందన్నాడు. దూరం, వేగం, కాలం లెక్కలు జీవితమంతా చెప్పినవాణ్ణి. ఈ లెక్క ఎలా వేసినా కుదరటం లేదు.

ఎక్కడికి తీసుకెళ్ళావు మమ్మల్ని?

నీ
జయరాజ్


జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 21.

ఒరే జయరాజూ,

లారీ లేదు, బోల్తా లేదు. పట్టుబడ్డా, ఒప్పుకుంటున్నా.

కీసర దాటాక నువ్వు గుర్రు మొదలుపెట్టావు. నందిగామ వచ్చేసరికి అద్దంలో చూసా. చెల్లెమ్మ తల నీ భుజం మీద ఉంది. నీ నోరు తెరుచుకుని ఉంది. చెవి మిషను జారి కాలరు మీద పడింది. ఆవిణ్ణి అంత నిశ్చింతగా నేనెప్పుడూ చూడలా. సూది పొడిచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లలా పడుకుంది. ఆగితే లేస్తుంది. లేస్తే మెట్లెక్కాలి, మందులు వేసుకోవాలి, మళ్ళీ ఆ నొప్పులు. బ్రేకు మీద కాలు పెట్టబుద్ధి కాలా.

అలాగే పోయా. చిల్లకల్లు టోల్ గేటు దాటా. గరికపాడు దాకా వెళ్ళి మెల్లగా తిప్పా. ధాబా ఆయన గుర్తుపట్టి చెయ్యి ఊపితే, అరవొద్దని నోటి మీద వేలు పెట్టుకుని చూపించా. ఇన్నాళ్ళు బ్రేకు లేకుండా నడపటం ఎందుకు నేర్చుకున్నానో నాకు ఆరోజు తెలిసింది. గుంట కనపడితే దూరం నుంచే కాలు తీసేసా. లారీలన్నిటినీ ముందు పోనిచ్చా. మళ్ళీ నందిగామ వచ్చింది. మీరు లేవలా. ఇంకోసారి తిప్పుదామనే అనుకున్నా గానీ, డీజిలు ఎర్ర లైటు వెలిగింది. మధ్యలో ఆగిపోతే నీ పాఠాలు వినాల్సొస్తుందని అప్పుడు ఆపా.

మైలేజీ ఎంతొచ్చిందని అడక్కు. బంకు వాళ్ళు ఈసారి కుర్చీతో పాటు టీ కూడా ఇచ్చారు.

చెల్లెమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకు. చెబితే మంగళవారం నిద్రపోకుండా, నందిగామ ఎక్కడ దాటించేస్తానో అని దారి చూస్తూ కూర్చుంటుంది.

నీ
భవానీప్రసాద్